ఓఈటీ రాసే సిస్టర్లకు నేను కొనమని చెప్పే డిక్షనరీ

ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ, పదో ఎడిషన్. 2020లో వచ్చింది. ఇండియాలో ఉన్న నా జూనియర్లు ఫోన్ చేసి, "అక్కా, ఓఈటీకి ఏ పుస్తకం కొనాలి?" అని అడిగినప్పుడల్లా నేను చెప్పే పేరు ఇదే. ఓఈటీ అంటే విదేశాల్లో పనిచేయడానికి నర్సులు, డాక్టర్లు లాంటివాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష. "డిక్షనరీ ఎందుకక్కా, ఫోన్ ఉంది కదా" అంటారు. అర్థం కోసమైతే నిజంగానే ఫోన్ చాలు. నేను కొనమనేది అర్థాల కోసం కాదు. ఇంగ్లిష్‌లో ఒక క్రియ రాశాక దాని పక్కన ‘హిమ్’, ‘హర్’, ‘మి’, ‘ఇట్’ నేరుగా రావాలా, మధ్యలో ‘టు’ గానీ ‘ఆన్’ గానీ ‘విత్’ గానీ రావాలా, వస్తే వాటిలో ఏది రావాలి అన్నది ఈ పుస్తకం ప్రతి క్రియ దగ్గరా చెబుతుంది. మన నర్సులకు ఓఈటీ రైటింగ్‌లో మార్కులు పోయేది ఎక్కువగా అక్కడే అని నా నమ్మకం.

నా గురించి రెండు ముక్కలు. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. నెల్లూరులో నర్సింగ్ చదివి, హైదరాబాద్‌లో కొన్నేళ్లు పనిచేసి, ఇప్పుడు ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక ఆసుపత్రి ఆర్థో వార్డులో ఉన్నాను. మా నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ టీచర్. అందుకే డిక్షనరీ నాకు చిన్నప్పటి నుంచీ అలవాటైన వస్తువు.

ఓఈటీ తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. యూకేలో నర్సుగా రిజిస్టర్ కావాలంటే అక్కడి ఎన్ఎంసీ, అంటే నర్సుల రిజిస్ట్రేషన్ చూసే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్, ఇంగ్లిష్ పరీక్ష అడుగుతుంది. ఐఈఎల్‌టీఎస్ రాయవచ్చు, లేదంటే 2017 చివరి నుంచి ఓఈటీ రాసినా ఒప్పుకుంటున్నారు. ఓఈటీలో వినడం, చదవడం, మాట్లాడడం మూడింటిలో బి గ్రేడ్, అంటే 350 రావాలి. రాయడంలో సి ప్లస్, అంటే 300 చాలు. ఆ ఒక్కదానిలో పట్టింపు కాస్త తగ్గించారు, అయినా మనవాళ్లలో చాలామంది ఆగిపోయేది అందులోనే. రైటింగ్‌కు 45 నిమిషాలు. మొదటి 5 నిమిషాలు కేస్ నోట్స్ చదవడానికే, పెన్ను పట్టకూడదు. మిగతా 40 నిమిషాల్లో 180 నుంచి 200 మాటల్లో ఒక ఉత్తరం రాయాలి. రోగిని వేరే డాక్టర్‌కో, ఇంటికొచ్చి చూసే నర్సుకో, వృద్ధాశ్రమానికో అప్పగిస్తూ రాసే ఉత్తరం.

ఇబ్బంది అంతా ఆ కేస్ నోట్స్ రాసే తీరులో ఉంది. అందులో క్రియలు సగం ఉండవు. ‘పెయిన్, లెఫ్ట్ హిప్, త్రీ వీక్స్’ అని ఉంటుంది. ‘హెర్నియా సర్జరీ, 2015’ అని ఉంటుంది. ‘డాటర్ – డైట్ అడ్వైస్’ అని ఉంటుంది. వాటిని వాక్యాలుగా మార్చాల్సింది మనం. నొప్పి ఉందని ‘కంప్లెయిన్’ చేశాడు, సరే. ‘కంప్లెయిన్డ్ అబౌట్ పెయిన్’ అనాలా, ‘కంప్లెయిన్డ్ ఆఫ్ పెయిన్’ అనాలా? ఆపరేషన్ చేశారు, సరే. ‘ఆపరేటెడ్ హిమ్’ అనాలా, ‘ఆపరేటెడ్ ఆన్ హిమ్’ అనాలా? కూతురికి ‘ఎక్స్‌ప్లెయిన్డ్ హర్’ అనాలా, ‘ఎక్స్‌ప్లెయిన్డ్ టు హర్’ అనాలా? ఈ మాటల అర్థాలన్నీ నర్సింగ్ మొదటి ఏడాది అమ్మాయికి కూడా తెలుసు. కావలసింది ఆ క్రియ ఎవరిని ఎలా తన పక్కకు రానిస్తుందన్న సమాచారం.

ఈ డిక్షనరీలో ‘ఎక్స్‌ప్లెయిన్’ దగ్గర తెరిచి చూడండి. మొదట ‘సమ్‌థింగ్’ అన్న మాటకు పొట్టి రూపం ఉంటుంది. దాని వెనక బ్రాకెట్‌లో ‘టు సమ్‌బడీ’ అని ఉంటుంది. అంటే ఏ విషయం వివరిస్తున్నామో అది క్రియకు ఆనుకుని వస్తుంది. ఎవరికి అన్నది బ్రాకెట్‌లో ఉంది కాబట్టి చెప్పినా చెప్పకపోయినా వాక్యం నిలబడుతుంది. చెప్పాలనుకుంటే మాత్రం ‘టు’ ఉండి తీరాలి. ఈ చిన్న అచ్చు చదివే ఓపిక అందరికీ ఉండదని వాళ్లకూ తెలిసినట్టుంది, కింద ‘హెల్ప్’ అన్న గుర్తు పెట్టి ‘ఎక్స్‌ప్లెయిన్ మి’, ‘ఎక్స్‌ప్లెయిన్ హిమ్’ అనకూడదని విడిగా రాశారు. ‘సజెస్ట్’ దగ్గరా, ‘డిస్కస్’ దగ్గరా కూడా ఇలాంటి హెచ్చరికలే ఉన్నాయి. ‘డిస్కస్ అబౌట్’ తప్పు అని అచ్చులో చూపిస్తే గానీ నమ్మని సీనియర్ సిస్టర్లను నేను చూశాను. మనం ‘దాని గురించి చర్చించాం’ అంటాం కాబట్టి ఆ ‘గురించి’ని వదలడానికి మనసు ఒప్పుకోదు.

తెలుగులో ‘నాకు చెప్పండి’, ‘నాకు వివరించండి’, ‘నాకు సలహా ఇవ్వండి’, ‘నాకు సూచించండి’ అన్నిటికీ ఒకటే ‘నాకు’. ఆ ‘కు’ ఎక్కడికైనా వెళ్లి అతుక్కుంటుంది, ఏ క్రియా అభ్యంతరం పెట్టదు. ఇంగ్లిష్‌లో ‘టెల్ మి’ చెల్లుతుంది, ‘అడ్వైజ్ మి’ చెల్లుతుంది, ‘ఎక్స్‌ప్లెయిన్ మి’ చెల్లదు, ‘సజెస్ట్ మి’ చెల్లదు. అర్థాన్ని బట్టి ఇది ఊహించడం కుదరదు. చెప్పడం, వివరించడం దాదాపు ఒకటే పని కదా! అందుకే ఒక్కో క్రియకు విడిగా చూసుకోవాల్సి వస్తుంది, అందుకే ఈ సమాచారం ఇచ్చే పుస్తకం కావాలి.

ఇక్కడ కొంచెం ఆగి ఒక సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే కోచింగ్‌లలో దీన్ని ఎవరూ చెప్పగా నేను వినలేదు. మన ఆసుపత్రుల కేస్ షీట్లు తిరగేయండి. ‘పేషంట్ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ అబౌట్ ద ప్రొసీజర్’ అని రోజూ కనిపిస్తుంది. సిస్టర్లు రాస్తారు, డాక్టర్లూ రాస్తారు. ‘హి వాజ్ సజెస్టెడ్ టు స్టాప్ స్మోకింగ్’ అనీ రాస్తారు. మన దగ్గర చదివేవాళ్లకు అర్థమవుతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఓఈటీ దిద్దేవాళ్లు పట్టించుకుంటారు. కారణం ఆ డిక్షనరీ ఎంట్రీలోనే ఉంది. పాసివ్ వాక్యం, అంటే ‘చేయబడింది’ తరహా వాక్యం, రాసేటప్పుడు మామూలుగా క్రియకు ఆనుకుని ఉన్నదే ముందుకొచ్చి కర్త స్థానంలో కూర్చుంటుంది. ‘ఎక్స్‌ప్లెయిన్’కు ఆనుకుని ఉండేది విషయం, మనిషి కాదు. కాబట్టి ‘ద ప్రొసీజర్ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు హిమ్’ అవుతుంది. మనిషితోనే వాక్యం మొదలుపెట్టాలని ఉంటే మనిషిని ఆనుకోనిచ్చే క్రియ ఎంచుకోవాలి. ‘ఇన్ఫార్మ్’ ఎంట్రీలో మొదట ‘సమ్‌బడీ’ ఉంటుంది, తర్వాత ‘ఆఫ్’ గానీ ‘అబౌట్’ గానీ. ‘అడ్వైజ్’లోనూ మనిషే ముందు. అందుకని ‘హి వాజ్ ఇన్ఫార్మ్‌డ్ అబౌట్ ద ప్రొసీజర్’, ‘హి వాజ్ అడ్వైజ్డ్ టు స్టాప్ స్మోకింగ్’ రెండూ నిక్షేపంగా ఉంటాయి. ఉత్తరం అంతా రోగి గురించే కాబట్టి ప్రతి వాక్యం ‘హి’తోనో ‘షి’తోనో మొదలుపెట్టాలనిపించడం సహజం. అలా మొదలుపెట్టనిచ్చే క్రియలు ఏవో ముందే తెలిసి ఉంటే పరీక్షలో టెన్షన్ ఉండదు.

‘ఆపరేట్’ సంగతి ఇంకో రకం. అక్కడ ‘ఆన్ సమ్‌బడీ’ అని ఉంటుంది. ‘ద సర్జన్ ఆపరేటెడ్ ఆన్ హిమ్’. పాసివ్‌లో ‘హిమ్’ ముందుకెళ్లి ‘హి’ అయిపోతాడు, ‘ఆన్’ మాత్రం ఉన్నచోటే ఉండిపోవాలి: ‘హి వాజ్ ఆపరేటెడ్ ఆన్ ఫర్ హెర్నియా’. రెండు ప్రిపొజిషన్లు పక్కపక్కన చూసి మనకు ఏదో తప్పు జరిగిందనిపిస్తుంది, ఒకటి కొట్టేస్తాం. కొట్టేసేది సరిగ్గా ఉండాల్సిన ‘ఆన్’నే.

నేను చేరిన కోచింగ్ సెంటర్‌లో ఫ్రేజల్ వెర్బ్స్ అంటూ, అంటే క్రియ పక్కన ఒక చిన్న మాట చేరి ఒకే అర్థమిచ్చే జంటలంటూ, ఒక పెద్ద జాబితా జిరాక్స్ తీసి ఇచ్చారు. అక్షర క్రమంలో, పక్కన తెలుగు అర్థం. బట్టీ పట్టమన్నారు. ‘లుక్ ఆఫ్టర్ – చూసుకొను’, ‘పుట్ ఆన్ – వేసుకొను’, ‘టేక్ ఔట్ – తీయు’. ఇంత కష్టపడి బట్టీ పట్టినా వాక్యంలో ‘హర్’ ఎక్కడ పెట్టాలో ఆ కాగితం చెప్పదు. ‘లుక్ ఆఫ్టర్ హర్’ సరైనది, ‘లుక్ హర్ ఆఫ్టర్’ కాదు. ‘టేక్ ఇట్ ఔట్’ సరైనది, ‘టేక్ ఔట్ ఇట్’ కాదు. జాబితాలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. డబ్బు కట్టి చేరిన పిల్లలకు ఇంత ముఖ్యమైన విషయం చెప్పకుండా పంపడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఈ డిక్షనరీలో దానికొక గుర్తు ఉంది. రెండు వైపులా మొనలున్న బాణం: ↔. ‘టేక్’ ఎంట్రీ చివర ఫ్రేజల్ వెర్బ్స్ అన్నీ ఒకచోట కుప్పగా ఉంటాయి. అందులో ‘టేక్ సమ్‌థింగ్ ↔ ఆఫ్’ అని ఉంటే, ‘టేక్ ఆఫ్ ద డ్రెస్సింగ్’ అనవచ్చు, ‘టేక్ ద డ్రెస్సింగ్ ఆఫ్’ అనీ అనవచ్చు. పేరు బదులు సర్వనామం వాడితే మాత్రం మధ్యలోనే పెట్టాలి, ‘టేక్ ఇట్ ఆఫ్’. బాణం లేకుండా ‘లుక్ ఆఫ్టర్ సమ్‌బడీ’ అని ఉంటే పేరైనా సర్వనామమైనా చివరే. ఇంకో రకం ఉంది, అందులో మనిషి మధ్యలోనే ఉంటాడు, బాణం ఉండదు. ‘సిట్ సమ్‌బడీ అప్’ అలాంటిది. పడుకున్న మనిషిని లేపి కూర్చోబెట్టడం. తుంటి ఆపరేషన్ అయిన పేషంట్ల దగ్గర ఈ మాట మా వార్డులో పొద్దున్నే మొదలవుతుంది: ‘లెట్స్ సిట్ హర్ అప్’.

ఈ బాణం మన తెలుగువాళ్లకు మరీ అవసరం. ఎందుకో చెబుతాను. మనం ‘పికప్ చేసుకో’, ‘స్విచాఫ్ చెయ్యి’, ‘ఫారం ఫిలప్ చెయ్యి’, ‘సైనప్ అవ్వు’ అని రోజంతా అంటుంటాం. తెలుగులోకి వచ్చేసరికి అవి విడదీయడానికి వీల్లేని ఒకే ముక్క అయిపోయాయి, దానికి ‘చెయ్యి’నో ‘అవ్వు’నో తగిలిస్తున్నాం. తెలుగు వాక్యానికి అందులో తప్పేమీ లేదు. ఆ అతుకుడు పట్టుకుని ఇంగ్లిష్‌లోకి వెళ్తే మాత్రం ‘ఐ విల్ పికప్ యూ’, ‘స్విచాఫ్ ఇట్’ అనే వస్తుంది, ఎందుకంటే మన చెవికి ‘పికప్’ మధ్యలో సందు లేదు. ‘ఐ విల్ పిక్ యూ అప్’ అని ఆ సందు తెరవడం అలవాటు కావాలి. బాణం గుర్తు చూసిన ప్రతిసారీ మధ్యలో ‘ఇట్’ పెట్టి, ‘హిమ్’ పెట్టి పైకి చదవండి. కంటితో చదివితే నాలుకకు అలవాటు కాదు.

‘ఎంజాయ్’ కూడా ఇలాగే. ‘బాగా ఎంజాయ్ చేశాం’ అంటాం, కథ అయిపోతుంది. ఇంగ్లిష్‌లో దాని వెనక ఏదో ఒకటి ఉండాలి, ‘ఎంజాయ్డ్ ఇట్’ అనో ‘ఎంజాయ్డ్ అవర్‌సెల్వ్స్’ అనో. ఓఈటీ స్పీకింగ్‌లో రోగిగా నటించే మనిషితో మొదట కాసేపు కబుర్లు చెబుతారు కదా, అక్కడ పనికొస్తుంది.

పరీక్ష దాటి ఇక్కడికి వచ్చాక ఈ పుస్తకం విలువ నాకు ఇంకా తెలిసింది. ఇక్కడి ముసలివాళ్లు మాట్లాడే ఇంగ్లిష్ అంతా చిన్న చిన్న క్రియలు, చిన్న చిన్న ప్రిపొజిషన్లు, వాటి మధ్య ఒక ‘మి’. ఒక తాతగారు మోకాలు పట్టుకుని, ‘ఇట్స్ ప్లేయింగ్ మి అప్ అగైన్’ అన్నారు. ఆట, నేను, పైకి: మూడు మాటలూ తెలిసినవే, కలిపితే నొప్పి పెడుతోందని అర్థం. ‘ప్లే’ ఎంట్రీలో ‘ప్లే సమ్‌బడీ అప్’ అని, బ్రిటిష్ వాడుక అన్న గుర్తుతో సహా ఉంది. ‘ఐ హావ్ గాన్ ఆఫ్ మై ఫుడ్’ అంటే తిండి సయించడం లేదని. ‘ఐ కాంట్ కీప్ ఎనీథింగ్ డౌన్’ అంటే ఏం తిన్నా వాంతి అయిపోతోందని. ‘ఐ కేమ్ ఓవర్ ఆల్ ఫన్నీ’ అంటే ఉన్నట్టుండి ఒళ్లు తూలినట్టయిందని. ఇవి సరదా మాటలు కావు. మంచం మీద ఉన్న మనిషి తన లక్షణం చెబుతున్నాడు, అది నర్సుకు అందకపోతే చార్టులో ఎక్కదు. మన దగ్గర పల్లెటూరి అవ్వ ‘కడుపులో దేవుతోంది’ అంటే డాక్టర్‌కు అర్థం కావాలి కదా, ఇదీ అంతే. అందుకే యూకే వచ్చే పిల్లలందరికీ పెద్ద పెద్ద మెడికల్ మాటల కంటే ముందు ‘గెట్’, ‘పుట్’, ‘టేక్’, ‘కమ్’, ‘గో’, ‘బ్రింగ్’, ‘కీప్’ ఎంట్రీల చివరి ఫ్రేజల్ వెర్బ్స్ భాగాలు చదవమంటాను. ‘గెట్’ ఒక్కదానికే పేజీలకు పేజీలు ఉంది. రోజుకు కొంచెం చదివినా చాలు.

ఈ డిక్షనరీ పుట్టుక గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది మనకు ఎందుకు ఇంత బాగా సరిపోతుందో దాన్ని బట్టి తెలుస్తుంది. దీన్ని మొదలుపెట్టిన ఏ.ఎస్. హార్న్‌బీ ఇంగ్లండ్‌లో కూర్చుని రాయలేదు. 1920ల్లో జపాన్ వెళ్లి అక్కడి విద్యార్థులకు ఇంగ్లిష్ చెప్పాడు. హెరాల్డ్ పామర్ అనే ఆయన టోక్యోలో నడిపిన ఇంగ్లిష్ బోధన పరిశోధన సంస్థలో చేరి, క్రియల పక్కన ఏమేమి రావచ్చో వర్గాలు కట్టే పనిలో పడ్డాడు. గేటెన్‌బీ, వేక్‌ఫీల్డ్ అన్న ఇద్దరితో కలిసి తయారుచేసిన డిక్షనరీ 1942లో టోక్యోలోనే అచ్చయింది. యుద్ధం రావడంతో ఆయన జపాన్ వదలాల్సి వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ దాన్ని తీసుకుని 1948లో వేసింది. ఇప్పటి పదో ఎడిషన్ ఆ వరసలోదే. జపనీస్‌లోనూ మన తెలుగులాగే క్రియ వాక్యం చివర వస్తుంది. వాళ్లకూ ప్రిపొజిషన్లు లేవు, మన ‘కి’, ‘తో’, ‘నుంచి’ లాగా పేరు వెనక తగిలించే చిన్న మాటలే. అంటే ఈ పుస్తకం మొదట ఎవరి ఇబ్బంది చూసి పుట్టిందో, వాళ్ల ఇబ్బంది మన ఇబ్బందికి చాలా దగ్గర. ఇది తెలిశాక ఈ పుస్తకం మీద నాకు అభిమానం పెరిగింది.

మా నాన్న దగ్గర ఉన్నది 1974లో వచ్చిన మూడో ఎడిషన్. అందులో పద్ధతి వేరు. ప్రతి క్రియకూ ‘వి.పి.’ అని పెట్టి ఒక అంకె ఇచ్చేవాళ్లు, వెర్బ్ ప్యాటర్న్ అని. మొత్తం 25 రకాలు, కొన్నిటికి ఏ, బి, సి అని ఉపరకాలు. ‘వి.పి. 3ఏ’ అంటే క్రియ, ప్రిపొజిషన్, ఆ తర్వాత మనిషి: ‘రిలై ఆన్ మి’. ‘వి.పి. 12ఏ’ అంటే మనిషి ముందు, వస్తువు వెనక: ‘గివ్ మి ఎ బుక్’. దాన్నే ‘టు’తో తిప్పి చెబితే ‘13ఏ’. ‘వి.పి. 14’లో వస్తువో మనిషో క్రియకు ఆనుకుని, తర్వాత ప్రిపొజిషన్‌తో ఇంకొకటి వస్తుంది: ‘కంగ్రాచులేట్ హిమ్ ఆన్ హిజ్ సక్సెస్’. ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మి’ ఈ 14లోదే, ‘గివ్’ ఉన్న 12లో దానికి చోటు లేదు. మా నాన్న ఈ అంకెలన్నీ నోటికి చెప్పేవారు. తొమ్మిదో తరగతి పిల్లలకు మాత్రం అంకె చెప్పకుండా వాక్యం చెప్పించేవారు.

ఆ అంకెల్లో ఒక గొప్ప సౌకర్యం ఉండేది. ఒకే అంకె ఉన్న క్రియలు ఒకే కుటుంబం. ఒకటి తెలిస్తే మిగతావి తెలిసేవి. కష్టం ఏమిటంటే, ప్రతిసారీ ముందు పేజీలు తిప్పి ఆ అంకె ఏమిటో చూసుకోవాలి. విద్యార్థులకు అంత ఓపిక ఉండదని తర్వాతి ఎడిషన్లలో అంకెలు తీసేశారు. కొన్నాళ్లు అక్షరాల కోడ్‌లు పెట్టారు, ‘వి’, ‘విఎన్’, ‘విఎన్‌ఎన్’ అని. ఇప్పుడు అవీ లేవు, నేను పైన చెప్పినట్టు ‘సమ్‌బడీ’, ‘సమ్‌థింగ్’ నేరుగా రాసి చూపిస్తున్నారు. ఎవరికైనా వెంటనే అర్థమవుతుంది. ఈ మార్పు మంచిదే అంటాను, కానీ ఆ కుటుంబాలు కనిపించకుండా పోయాయి. పదో ఎడిషన్‌లో నాకు కనిపించే పెద్ద లోటు ఇదే. ‘ఇన్ఫార్మ్ హిమ్ ఆఫ్’, ‘రిమైండ్ హిమ్ ఆఫ్’, ‘వార్న్ హిమ్ ఆఫ్’ మూడూ ఒకే అచ్చులో పోసినవని, ‘క్యూర్ హిమ్ ఆఫ్’, ‘రాబ్ హిమ్ ఆఫ్’ అదే రూపంలో ఉన్నా ఇంకో గుంపు అని ఏ ఒక్క ఎంట్రీ చదివినా తెలియదు.

ఆ లోటు తీరాలంటే ఇలాంటి డిక్షనరీలే వేసే కాలిన్స్ కోబిల్డ్ వాళ్ల వైపు చూడాలి. బర్మింగ్‌హామ్‌లో జాన్ సింక్లెయిర్ అనే భాషాశాస్త్రవేత్త నడిపించిన పనిలోంచి 1987లో వాళ్ల మొదటి డిక్షనరీ వచ్చింది. అర్థాన్ని పూర్తి వాక్యంలో చెబుతారు కాబట్టి ఆ వాక్యంలోనే మనిషి ఎక్కడ, ప్రిపొజిషన్ ఎక్కడ అన్నది కనిపించేస్తుంది. 1996లో వాళ్లు క్రియల ప్యాటర్న్‌ల మీదే ఒక పుస్తకం వేశారు. అందులో సరిగ్గా ఈ కుటుంబాలే ఉంటాయి, ఒక్కో రూపం కింద అర్థాన్ని బట్టి చిన్న చిన్న గుంపులుగా. ఇంగ్లిష్ చెప్పే టీచర్లకు అది బంగారం. పరీక్షకు తయారయ్యే నర్సుకు మాత్రం అంత లోతు అక్కర్లేదు. లాంగ్‌మన్ డిక్షనరీ కూడా మంచిదే, ‘ఎక్స్‌ప్లెయిన్ సమ్‌థింగ్ టు సమ్‌బడీ’ అని పూర్తి మాటల్లో లావు అక్షరాల్లో ఇస్తుంది. పొట్టి రూపాలు చూస్తే చిరాకు పడేవాళ్లు అది తీసుకోవచ్చు. ‘హెల్ప్’ హెచ్చరికల కోసం, ఆ బాణం కోసం నేను మాత్రం ఆక్స్‌ఫర్డ్‌నే పట్టుకుని ఉన్నాను.

ఇంకో చిన్న లోటు. క్రియ తర్వాత రెండూ సర్వనామాలే వస్తే ఏం చేయాలన్నది ప్రతి ఎంట్రీలోనూ చెప్పదు. ‘గివ్ సమ్‌బడీ సమ్‌థింగ్’ అని చూసి ‘గివ్ హర్ ఇట్’ అంటారు మన పిల్లలు. తప్పు అనలేం, కానీ ఇంగ్లిష్‌వాళ్లు మామూలుగా ‘గివ్ ఇట్ టు హర్’ అంటారు. మా వైపు పేషంట్లు ‘గివ్ ఇట్ మి’ అని కూడా అంటారు, అది ఈ ప్రాంతపు మాట. వినండి, అర్థం చేసుకోండి, ఉత్తరంలో రాయకండి. అచ్చు చిన్నది, కాగితం పల్చన, పుస్తకం బరువు. కళ్లద్దాలు వాడేవాళ్లు మంచి లైట్ కింద కూర్చోవాలి.

ఎలా వాడాలో కూడా చెబుతాను. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. క్రియను ఒంటరిగా ఎప్పుడూ రాయకండి. ‘అడ్మిట్’ అని కాదు, ‘అడ్మిట్ హిమ్ టు’ అని రాయండి. ‘డిశ్చార్జ్ హర్ ఫ్రమ్’, ‘రిఫర్ హర్ టు’, ‘ట్రీట్ హిమ్ ఫర్’, ‘డయాగ్నోజ్ హిమ్ విత్’. మందు ఇచ్చే చోట ‘అడ్మినిస్టర్ ఇట్ టు హిమ్’, ఇక్కడ మందు ముందు, మనిషి ‘టు’ వెనక. ‘ప్రిస్క్రైబ్’ రెండు రకాలుగానూ ఒప్పుకుంటుంది, ‘ప్రిస్క్రైబ్ హిమ్ యాంటీబయాటిక్స్’ అనవచ్చు, ‘ప్రిస్క్రైబ్ యాంటీబయాటిక్స్ ఫర్ హిమ్’ అనవచ్చు. ‘ప్రిస్క్రైబ్ హిమ్ విత్’ అని మాత్రం రాయకండి, మన వార్డుల్లో అది బాగా పాతుకుపోయింది. పక్క పేజీలో ప్రతి దానికీ పాసివ్ రాయండి. ఓఈటీ ఉత్తరంలో కావలసిన క్రియలు నాలుగైదు పేజీల్లో సరిపోతాయి. రోజూ డ్యూటీకి వెళ్లే బస్సులో ఆ పేజీలు పైకి చదువుకోవచ్చు.

కొనే ముందు ఇంకో మాట. ఈ డిక్షనరీ ఆక్స్‌ఫర్డ్ వాళ్ల లెర్నర్స్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడవచ్చు, బ్రిటిష్, అమెరికన్ ఉచ్చారణలు రెండూ వినిపిస్తుంది. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు దానితోనే నెట్టుకురావచ్చు, ఏమీ నష్టం లేదు. నేను పుస్తకమే కొనమనడానికి కారణం, ‘టేక్’ కోసం తెరిస్తే ఫ్రేజల్ వెర్బ్స్ అన్నీ ఒకే చూపులో కనిపిస్తాయి, ఫోన్‌లో ఒక్కోటి నొక్కి చూడాలి. కొత్తదే కావాలని లేదు. 2010 నాటి ఎనిమిదో ఎడిషన్ అయినా, 2015 నాటి తొమ్మిదో ఎడిషన్ అయినా క్రియలు చూపించే పద్ధతి ఇదే. కోఠిలోనో, విజయవాడ ఏలూరు రోడ్డులోనో సెకండ్ హ్యాండ్‌లో దొరికితే తీసుకోండి. ఫుట్‌పాత్ మీద అమ్మే దొంగ అచ్చు మాత్రం వద్దు. తీసుకునే ముందు ‘టేక్’ ఎంట్రీ చివర తెరిచి, ఆ బాణం గుర్తులూ, క్రియ బదులు వాడే అల గుర్తులూ (~), బ్రాకెట్లూ స్పష్టంగా కనిపిస్తున్నాయో లేదో చూడండి. అవి చెదిరిపోయి ఉంటే ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకండి.